కండరం పంపే కబురు, కాలేయం వినే తీరు
(ప్రసంగ పాఠం)



కాలేయం అన్నది పుస్తకాల మాట. పాలమూరు, కరీంనగరు, నిజామాబాదు ప్రాంతాల నుంచి ముంబయికి వచ్చి స్థిరపడిన కుటుంబాలలో దానికి వాడుక పేరు కార్జం. ఆ మాట కూడా ఆదివారంనాడు మటన్ దుకాణం ముందు వినబడేదే గాని, మనిషి ఒంట్లోని అవయవాన్ని గురించి చెప్పుకొనేటప్పుడు వినబడేది కాదు. మనిషి కార్జం ప్రస్తావన వచ్చిందంటే సంభాషణ వెంటనే తాగుడు మీదికి మళ్ళుతుంది. అందువల్ల, కడుపు స్కానింగు కాగితం మీద ‘ఫ్యాటీ లివర్’ అన్న రెండు మాటలు చూసిన ఇల్లాలు, జన్మలో ఒక్క చుక్క ముట్టనిదైనా, ఆ కాగితాన్ని బీరువాలో చీరల అడుగుకు చేరుస్తుంది. నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం ఆమెది. వైద్యుడు ‘రోజూ నడవండి’ అని ఒక్క ముక్క చెప్పి పంపుతాడు. కొవ్వు పట్టింది కడుపులో ఉన్న కార్జానికి, నడిచేది కాళ్ళు. ఈ రెంటికీ పొత్తు ఏమిటన్నది ఆమెకు ఎవరూ చెప్పరు. పొత్తు తెలియని సలహా నాలుగు రోజులకు మించి నిలవదు. నేటి ప్రసంగం ఆ పొత్తును గురించినది.

ముందుగా ఆ భయం సంగతి. మద్యంతో నిమిత్తం లేకుండానే కాలేయంలో కొవ్వు చేరుతుంది. కాలేయ కణాలలో నూటికి ఐదుకు మించి కొవ్వు బిందువులు నిండినప్పుడు వైద్యులు దానిని కొవ్వు కాలేయం అంటారు. మధుమేహం, నడుము చుట్టుకొలత, రక్తపోటు, రక్తంలోని కొవ్వులు దీనికి తోడబుట్టినవి. 2023లో ప్రపంచ కాలేయ వైద్య సంఘాలు ఈ వ్యాధికి పాత పేరు తీసివేసి, జీవక్రియలోని లోపాన్ని సూచించే కొత్త పేరు పెట్టుకున్నాయి. పాత పేరు రోగిని చిన్నబుచ్చుతున్నదన్నది అందుకు చెప్పిన కారణాలలో ఒకటి. భారత ప్రభుత్వం 2021లోనే దీనిని అసాంక్రామిక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేసే 345 మందిని పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి 84 మంది కాలేయంలో కొవ్వు అధికంగా ఉన్నట్టు తేలింది. వారందరూ కుర్చీలో కూర్చొని పనిచేసేవారు. ఆ లెక్కను ముంబయి చాళ్ళకు యథాతథంగా అన్వయించడం పొరపాటే అవుతుంది. అయితే చాళ్ళలోని పిల్లలు ఇప్పుడు చేస్తున్న ఉద్యోగాలు ఆ హైదరాబాదు ఉద్యోగాలకు దూరపు చుట్టాలేమీ కావు.

ఈ పేటకు పేరు తెచ్చినవారి పని వేరు. నిజాం రాజ్యంలోని తెలుగు నేల నుంచి వచ్చిన కామాఠీలు బొంబాయి కట్టడాలకు రాళ్ళు మోశారు, సున్నం కలిపారు, పునాదులు తవ్వారు. వారి పేరు మీదనే ఇది కామాఠీపురం అయింది. తరువాతి తరాలలో పద్మశాలీలు వర్లీ, లోయర్ పరేల్ మిల్లులలో మగ్గాల మధ్య పాళీకి ఎనిమిది గంటలు నిలబడి, నడిచి పనిచేశారు. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మె తరువాత ఆ మగ్గాల చప్పుడు క్రమంగా సద్దుమణిగింది. మగ్గాల ముందు నడిచిన మనుషుల కొడుకులు సెక్యూరిటీ కుర్చీలలో, డ్రైవరు సీట్లలో, కంప్యూటరు బల్లల ముందు కూర్చున్నారు. అన్నం మాత్రం మునుపటి కొలతలోనే ఉండిపోయింది.

ఆనాటి కాయకష్టాన్ని కీర్తించడం ఇక్కడ ఉద్దేశం కాదు. పత్తి ధూళి ఆ మనుషుల ఊపిరితిత్తులను తినేసింది; రాళ్ళ బరువు నడుములను వంచేసింది. ఆ శ్రమ వారిని అరగదీసిన మాట నిజం. అయినా, ఎవరూ కోరకుండానే, ఆ శ్రమ ప్రతిరోజూ వారి కాలేయానికి ఒక కబురు పంపుతుండేది. ఇప్పుడు ఆ కబురు ఆగిపోయింది.

కబురు అనడం అలంకారం కోసం కాదు. శాస్త్రంలో దానికి సంకేతం అని పేరు. గిరణ్‌గావ్‌లో పెరిగిన పెద్దలకు మిల్లు భోంగా గుర్తుండే ఉంటుంది. దాని మోత పేట మొత్తానికీ వినబడేది. అయితే ఆ మోత విని లేచి నడిచేవాడు ఆ మిల్లు టికెట్టు చేతిలో ఉన్న కార్మికుడే. పక్కగదిలోని కూరగాయల వర్తకుడు అటు తిరిగి పడుకునేవాడు. శరీరంలో హార్మోన్ల తీరు కూడా ఇంతే. అవి రక్తంలో కలిసి అంతటా తిరుగుతాయి. వాటిని అందుకునే గ్రాహకం ఏ కణం ఒంటిమీద ఉన్నదో ఆ కణమే స్పందిస్తుంది. హార్మోను కణం లోపలికి పోనక్కరలేదు. గుమ్మం దగ్గర తలుపు తడితే చాలు, లోపల ఒకరి నుంచి ఒకరికి మాట అంది, చివరకు పని జరుగుతుంది.

లోపల ఆ మాట ఎలా అందుతుందో మొట్టమొదట తెలిసింది కాలేయంలోనే. 1950ల దశకంలో అమెరికాలోని క్లీవ్‌లాండు నగరంలో ఎర్ల్ సదర్లాండ్ అనే శాస్త్రవేత్త కాలేయపు కణజాలం మీద ప్రయోగాలు చేస్తూ, హార్మోను గుమ్మం వద్ద తలుపు తట్టగానే లోపల సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పుట్టుకొస్తున్నదనీ, కాలేయంలో నిల్వ ఉన్న చక్కెరను విడుదల చేయించేది ఆ అణువేననీ కనుగొన్నారు. ఆయనకు 1971లో నోబెల్ బహుమతి లభించింది. కణ సంకేతాల శాస్త్రానికి, ఒక విధంగా, కాలేయమే పుట్టిల్లు.

ఇప్పుడు ఒక మనిషి కామాఠీపుర గల్లీ నుంచి బయలుదేరి గిర్‌గావ్ చౌపాటీ వైపు వడివడిగా నడుస్తున్నాడనుకోవలసింది. రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరం, సుమారు అరగంట నడక. మనిషి రక్తంలో ఏ క్షణానైనా కరిగి ఉండే గ్లూకోజు మొత్తం నాలుగైదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు. నడిచే కాళ్ళు దానిని ఎడతెగక తీసుకుంటుంటాయి. ఆ చెంచా ఖాళీ అయితే మెదడు తల్లడిల్లుతుంది. ఖాళీ కాకుండా చూసేది కాలేయం. నడక మొదలైన కొద్దిసేపటికే క్లోమం నుంచి ఇన్సులిన్ తగ్గుతుంది, గ్లూకగాన్ అనే మరో హార్మోను పెరుగుతుంది. ఈ రెండూ క్లోమం నుంచి నేరుగా కాలేయానికి పోయే సిరలోకి దిగుతాయి కనుక, మిగతా శరీరం కంటే ముందుగా, గట్టిగా వినేది కాలేయమే. గ్లూకగాన్ తలుపు తట్టగానే సదర్లాండ్ చూసిన ఆ అణువు లోపల పుడుతుంది. దాచిన గ్లైకోజెన్ కరిగి చక్కెర రక్తంలోకి వస్తుంది. నిల్వ సుమారు వంద గ్రాములే. అది తరగనారంభించేసరికి కాలేయం కొత్త చక్కెరను వండడం మొదలుపెడుతుంది. అందుకు ముడిసరుకు కాళ్ళ నుంచే తిరిగి వచ్చిన లాక్టేటు. కండరం వాడి పడేసినదాన్ని కాలేయం మళ్ళీ పనికివచ్చే చక్కెరగా మార్చి కండరానికే పంపుతుంది. ఈ చక్రాన్ని కనుగొన్న కోరీ దంపతులకు 1947లో నోబెల్ బహుమతి దక్కింది.

చక్కెర వండడానికి ఇంధనం ఖర్చవుతుంది. కొవ్వు కథ ఇక్కడే మొదలవుతుంది. దీని మూలంలో ఒక తెలుగువాని పేరున్నది కనుక కొంచెం నిలిచి చెప్పుకోవడం న్యాయం.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టను చేరారు. హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, కణజాలంలో ఉండే భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కొలత చేతికి చిక్కడంతో, కండరంలో భాస్వరం ఏయే రూపాలలో దాగి ఉన్నదో వెతకడం సాధ్యమయింది. 1929లో వారు ఏటీపీ అనే పదార్థాన్ని కండరం నుంచి వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. తరువాతి కాలంలో సుబ్బారావు కాలేయపు సారంలోని పోషకాల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు; రక్తహీనతకు మందైన ఫోలిక్ ఆమ్లం ఆ దారిలోనే లభించింది. 1948లో ఆయన అమెరికాలోనే కన్నుమూశారు. సొంత పేరును ముందుకు తోసుకోవడం ఆయనకు చేతకాలేదు. కామాఠీపురలో ఆ పేరు తెలిసినవారు ఎందరో చెప్పడం కష్టం.

ఏటీపీ కణానికి చేతిలోని రొక్కం. దానిలో మూడు భాస్వర ఖండాలు ఉంటాయి. ఖర్చయినప్పుడు ఒకటి ఊడుతుంది, రెండే మిగులుతాయి. ఖర్చు మరీ పెరిగినప్పుడు, రెండేసి ఖండాలున్న అణువులు రెండు కలిసి, ఒక దానిని మళ్ళీ మూడు ఖండాలదిగా చేసి, రెండవదానిని ఒకే ఖండంతో వదిలేస్తాయి. ఈ ఒంటి ఖండపు అణువే ఏఎంపీ. పర్సులో చిల్లర మాత్రమే మిగలడం లాంటిదన్నమాట. కణంలో ఏఎంపీకే అనే ఎంజైము ఒకటి ఉన్నది. దాని పని ఆ చిల్లర శబ్దాన్ని పసిగట్టడం. చిల్లర పెరిగిందని తెలియగానే అది ఇంటి పెద్దలాగా రెండు ఉత్తర్వులు ఇస్తుంది. కొత్త కొవ్వు తయారీ ఆపమన్నది మొదటిది. పాత కొవ్వును కాల్చమన్నది రెండవది.

ఈ రెండు ఉత్తర్వులూ ఒకే తాళం మీద పనిచేయడం ఇందులోని చమత్కారం. పిండిపదార్థాలు మితిమీరినప్పుడు కాలేయం వాటిని కొవ్వుగా మారుస్తుంది. ఆ మార్పులో మాలొనైల్ కోఎంజైము-ఏ అనే మధ్యంతర పదార్థం తయారవుతుంది. అది ఉన్నంతసేపూ కొవ్వును కాల్చే కొలిమి, అంటే మైటోకాండ్రియా, తలుపు మూసి ఉంటుంది. కొవ్వు చేసే చోట కొవ్వు కాలకూడదన్నది కణం వివేకం. ఏఎంపీకే ఆ పదార్థాన్ని తయారుచేసే ఎంజైముకు ఒక భాస్వర ఖండం తగిలించి దాని నోరు మూయిస్తుంది. మాలొనైల్ తగ్గుతుంది, కొలిమి తలుపు తెరుచుకుంటుంది, కొవ్వు లోపలికి పోయి కాలుతుంది. నడిచింది కాళ్ళయినా కొవ్వు కరిగింది కార్జంలో. చీరల అడుగున కాగితం దాచిన ఇల్లాలికి అందవలసిన జవాబు ఇదే.

ఇందులో గ్లూకగాన్ పాత్ర ఎంత అన్నదాన్ని అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ వాసర్‌మన్ బృందం ఎలుకలలో పరీక్షించింది. కొవ్వు తిండి పెట్టి కాలేయంలో కొవ్వు చేర్చిన తరువాత, ఎలుకలను కొన్ని వారాలు పరుగెత్తించారు. మామూలు ఎలుకల కాలేయంలో కొవ్వు తగ్గింది. గ్లూకగాన్ గ్రాహకం లేకుండా పుట్టించిన ఎలుకలు కూడా పరుగెత్తాయి, వాటి కాలేయంలోని కొవ్వు మాత్రం తగ్గలేదు. శ్రమ జరిగింది, కబురు అందలేదు. 2011లో వెలువడిన ఈ ఫలితం ఎలుకలది. మనిషికి యథాతథంగా అంటగట్టకూడదు. అయినా, వ్యాయామం అంటే కేలరీల కూడికలు, తీసివేతలు మాత్రమే అనుకునేవారికి ఇది గట్టి సమాధానం.

కబుర్లు ఒక వైపే నడవవు. పనిచేసే కండరం ఇంటర్‌ల్యూకిన్-6 వంటి పదార్థాలను రక్తంలోకి వదులుతుంది. కోపెన్‌హాగెన్‌లో బెంటే పెడర్సన్ బృందం వీటికి మయోకైన్లు అని పేరు పెట్టింది. కాలేయం కూడా ఊరుకోదు. వ్యాయామం తరువాత అది ఎఫ్‌జీఎఫ్-21, ఫోలిస్టాటిన్ అనే ప్రోటీన్లను రక్తంలోకి పంపుతుంది. వీటి మీద పరిశోధన ఇంకా సాగుతున్నది కనుక ఇంతకు మించి చెప్పుకోవడం తొందరపాటు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న. సోలాపూరు పద్మశాలి వాడలలో స్త్రీలు పొద్దస్తమానం బీడీలు చుట్టారు, జీవితమంతా కష్టపడ్డారు. ముంబయిలోనూ మిషను కుట్టే స్త్రీలు, గంపెడు అల్లం వెల్లుల్లి ఒలిచి హోటళ్ళకు ఇచ్చే స్త్రీలు ఉన్నారు. సాయంత్రానికి వేళ్ళు లాగుతాయి, మెడ పట్టేస్తుంది, ఒళ్ళు హూనమవుతుంది. అటువంటి మనిషితో ‘వ్యాయామం చేయాలమ్మా’ అంటే, ‘పొద్దంతా చేసేదేమిటి మరి?’ అని ఆమె అడగడంలో తప్పు లేదు. అలసట నిజం, కష్టం నిజం. అయితే వేళ్ళలోని చిన్న కండరాలు తీసుకునే చక్కెర అత్యల్పం. రక్తంలోని ఆ చెంచాడు గ్లూకోజు మట్టం కదలనే కదలదు. క్లోమానికి తెలియదు, గ్లూకగాన్ పెరగదు, కాలేయం వినదు. తొడలు, పిరుదులు, పిక్కలు శరీరంలోని పెద్ద కండరాలు. అవి కదిలినప్పుడే కాలేయానికి వినిపించేంత గట్టిగా భోంగా మోగుతుంది. కనుక కూర్చొని చేసే కష్టానికి గౌరవం ఇస్తూనే, దానిని వ్యాయామం ఖాతాలో వేయకుండా ఉండడం అవసరం. ఇంటిల్లిపాదీ కలిసి ఆమె పనిలో ఒక గంట పంచుకుంటే తప్ప ఆమె నడకకు వెళ్ళడం జరిగే పని కాదు. నడవమని చెప్పేవారు ఆ గంటను ఎవరు ఇస్తారో కూడా చెప్పాలి.

బరువు తగ్గకపోతే ఈ నడకంతా వృథాయేనని చాలామంది నెలరోజులకే మానేస్తారు. ఇది అపోహ. ఒంటి బరువులో నూటికి ఐదు వంతులు తగ్గితే కాలేయపు కొవ్వు తగ్గడం సాధారణం, సందేహం లేదు. కాని తక్కెడ ముల్లు కదలకపోయినా కాలేయంలోని కొవ్వు తగ్గవచ్చునని సిడ్నీ పరిశోధకులు 2009లో చూపారు. స్థూలకాయులు నాలుగు వారాలు సైకిలు తొక్కగా, బరువు తగ్గకుండానే కాలేయపు కొవ్వు తగ్గింది. మరొక ఇబ్బంది స్కానింగుది. కాలేయంలో కొవ్వు నూటికి ఇరవైకి లోపుగా ఉన్నప్పుడు మామూలు సోనోగ్రఫీ దానిని సరిగా పట్టుకోలేదు. కొద్దిపాటి మార్పులను చూపడం దాని వల్ల కాదు. ‘గ్రేడ్’ మారలేదని నిరాశపడి మానుకున్నవారు మేలు జరుగుతుండగానే మానుకున్నవారు కావచ్చు.

ఎంత నడవాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పిన లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, అందుకు తోడు రెండు రోజులు కండరాలకు బలం చేకూర్చే పని. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం ఉంటే అది మధ్యస్థ శ్రమ. ఒక విడత వ్యాయామం వల్ల ఇన్సులిన్‌కు శరీరం చూపే స్పందన మెరుగుపడి, ఒకటి నుంచి మూడు రోజుల వరకు నిలుస్తుంది, ఆపై కరిగిపోతుంది. అందుకే రెండు రోజులకు మించి ఎడం ఉండకూడదంటారు. బతుకమ్మ తొమ్మిది సాయంత్రాలు చప్పట్లు కొడుతూ, వంగి లేస్తూ, గంటసేపు గుండ్రంగా తిరిగే స్త్రీల కాలేయం ఆ తొమ్మిది రోజులూ కబుర్లు చక్కగానే వింటుంది. సద్దుల బతుకమ్మ దాటిన నాలుగవ నాటికి ఆ మాట చెల్లిపోతుంది. మిగిలిన సంవత్సరానికి వేరే ఏర్పాటు కావాలి.

ఆ ఏర్పాటుకు ఇప్పుడు కొత్త అడ్డంకి వస్తున్నది. బీడీడీ చాళ్ళలో గది 160 చదరపు అడుగులు. నీళ్ళకు, మరుగుదొడ్డికి, పక్కింటివారితో మాటకు, ప్రతిదానికీ వరండాలోకి నడవాలి. మూడు అంతస్తుల మెట్లకు లిఫ్టు లేదు. ఆ ఇరుకు ఎవరికీ ఇష్టమైనది కాదు. వర్లీలో 2025 ఆగస్టులో తొలి విడత కుటుంబాలు 500 చదరపు అడుగుల కొత్త ఇళ్ళ తాళాలు అందుకున్నాయి. కామాఠీపుర పునర్నిర్మాణం కూడా ఆ దారిలోనే ఉన్నది. సొంత స్నానాల గది, సొంత నల్లా, ఆకాశాన్నంటే అంతస్తులు, లిఫ్టు. తరతరాలు ఎదురుచూసిన సుఖం అది. దానితోపాటే రోజుకు పదిసార్లు ఎక్కి దిగే మెట్లు పోతాయి. పైన ఇరవయ్యవ అంతస్తులో ఉన్న వృద్ధురాలు కిందికి దిగడం వారానికొక్కసారికి వస్తే ఆశ్చర్యం లేదు. ఇళ్ళ సంఘాలు పార్కింగు లెక్కలు చూసేటప్పుడు నడిచే బాట, వెలుతురున్న మెట్లు, కూర్చొని లేవడానికి అరుగు కూడా అడగవలసి ఉన్నది. నక్షా ఖరారయిన తరువాత అడిగితే ప్రయోజనం ఉండదు. వర్లీవారికి జాంబోరీ మైదానం పక్కనే ఉన్నది. కామాఠీపుర గల్లీలలో నడుద్దామంటే హ్యాండుకార్టులు, బైకులు, మనుషులు. తెల్లవారుజాము తప్ప వేరే వేళ దొరకదు.

కొన్ని జాగ్రత్తలు. నడక తాగుడుకు విరుగుడు కాదు. మద్యాన్ని విరిచే పనిలో ఉన్న కాలేయం కొత్త చక్కెర వండలేదు, కొవ్వును కాల్చడం కూడా పక్కన పెడుతుంది. నడిచి వచ్చి తాగితే లెక్క సరిపోతుందనుకోవడం భ్రమ. మధుమేహానికి ఇన్సులిన్ గాని, చక్కెరను బాగా దించే మాత్రలు గాని వాడేవారు నడకకు ముందు వైద్యుని అడగాలి. జేబులో కొంచెం చక్కెర ఉంచుకోవాలి. హెపటైటిస్ బి, సి వైరసులు నడకతో పోవు, వాటికి పరీక్ష, మందు వేరు. కాలేయం గట్టిపడిన దశకు చేరినవారు బరువులెత్తే పనికి పూనుకునే ముందు నిపుణుని సలహా తప్పనిసరి.

ఇక చీరల అడుగున ఉన్న ఆ కాగితం. దానిని తీసి, మీది తారీఖు చూడాలి. ఆరు నెలలు దాటి ఉంటే దగ్గరలోని మునిసిపల్ దవాఖానాకు తీసుకువెళ్ళి, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్ల పరీక్షలు అడగాలి. ఈ మూడు అంకెలకు వయసు కలిపి, కాలేయం గట్టిపడే ప్రమాదం ఎంత ఉన్నదో వైద్యుడు అక్కడికక్కడే లెక్క వేయగలడు. ఆ లెక్కకు ఫిబ్-4 అని పేరు. అంకె ఎక్కువగా వస్తే పెద్దాసుపత్రికి చీటీ రాస్తారు. తక్కువగా వస్తే, మరునాటి ఉదయం ఆరు గంటలకు, బైకులు రాకముందు, గల్లీ ఖాళీగానే ఉంటుంది.